ద్రాక్ష తోటల ఇథరెల్: ఆకు దింపుడుకు పక్కా, కన్ను లేపుడుకు మాత్రం దీన్ని నమ్ముకోకండి

ముందుగాలనే చెప్పేస్త, ఇథరెల్ మంచి మందు. అక్టోబర్ కటింగ్ (తీగల కత్తిరింపు) ముందు ద్రాక్ష తోటల ఆకు దింపుడానికి దీనంత పనికొచ్చేది నాకు ఇంకోటి కనబడలే. కానీ దీని మీద మనోళ్లు పెట్టుకున్న నమ్మకంల సగమే నిజం. ఆకు రాలితే చాలు కన్నులన్నీ, అంటే పుల్ల మీది మొగ్గలన్నీ, ఒక్కసారే పగులుతయి, ఇంక వేరే మందు అక్కర్లేదు అని దుకాణంల చెప్తరు, వాట్సాప్ గ్రూపులల్ల చెప్తరు, పక్క తోటాయన కూడా అదే చెప్తడు. అట్ల కాదన్నా. ఆకును ముసలిది చేసుడు ఒక పని, కన్నును నిద్ర లేపుడు ఇంకో పని. ఈ తేడా తెలిసి వాడితే ఈ సీసా పైసా వసూల్, తెలవకుండ వాడితే మందు పైసలూ దండగ, కటింగ్ టైమూ దండగ. అందుకే కొంచెం లంబా రాస్తున్న, ఓపికతోటి చదవండి.

మాది శామీర్‌పేట దిక్కు, థాంసన్ సీడ్‌లెస్, డాగ్‌రిడ్జ్ వేరు మీద అంటు కట్టిన తోట, పందిరి పద్ధతి. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ ఎటు చూసినా ఈ పందిళ్లే ఉండేటివి, అనాబ్-ఎ-షాహి అనే ద్రాక్ష రకం అంటేనే హైదరాబాద్ గుర్తుకొచ్చేది, ఇప్పుడు చాలా మటుకు ప్లాట్లైనయి, ఉన్న కొద్దిమందిమన్నా సరిగ్గ చేసుకోవాలె అని నా తండ్లాట. మన దగ్గర తీగ చలి దేశాలల్ల లెక్క దానంతట అది ఆకు రాల్చి పండుకోదు, ఏడాది పొడుగూత పచ్చగనే ఉంటది, అందుకే ఏప్రిల్‌ల ఒక కటింగ్, అక్టోబర్‌ల ఒక కటింగ్. మొదటిది పుల్ల, అంటే కాపు కాసే కొమ్మ, తయారవుడుకు, రెండోది పండుకు. అక్కడ చలి చేసే పని ఇక్కడ మనం కత్తెరతోటి, మందుతోటి చేసుకుంటున్నం.

ఇగ మందు సంగతి. సీసా మీద ఇథెఫాన్ 39 శాతం ఎస్‌ఎల్ అని ఉంటది, ఎస్‌ఎల్ అంటే నీళ్లల్ల కరిగే ద్రవం. ఇథరెల్ అనేది బేయర్ వాళ్ల పేరు, అదే ఇథెఫాన్ వేరే కంపెనీల పేర్లతోటి కూడా దొరుకుతది. సీసాల ఉన్నన్ని రోజులు అది గట్టి యాసిడ్‌గ ఉంటది, అట్ల ఉంటేనే చెడిపోకుండ నిలుస్తది. ఆకు లోపటికి పోయినంక అక్కడి కణాలల్ల పీహెచ్ (యాసిడ్ ఎంతుందో చెప్పే లెక్క, తక్కువుంటే యాసిడ్ ఎక్కువ) ఏడు దగ్గర ఉంటది కాబట్టి ఆ మందు విరిగిపోతది, విరిగి ఇథిలీన్ గ్యాసు, ఫాస్ఫేటు, క్లోరైడు అయితది. మనకు కావాల్సింది ఆ ఇథిలీనే. పండ్లు మాగేటప్పుడు వచ్చేది కూడా ఇదే, మొక్క సొంతంగ తయారు చేసుకునే హార్మోన్. 1800లల్ల యూరప్ పట్నాలల్ల వీధి దీపాలకు బొగ్గు గ్యాసు పైపులు వేసినప్పుడు పైపు లీకైన కాడల్లా చెట్లు టైం కాకముందే ఆకు రాల్చేటివట, చాలా ఏండ్లు ఎవరికీ కారణం అర్థం కాలే, చివరికి 1901ల దిమిత్రి నెల్యుబోవ్ అనే రష్యా శాస్త్రవేత్త బఠాణీ మొలకల మీద ప్రయోగం చేసి ఆ గ్యాసుల మొక్కను ఇబ్బంది పెడుతున్నది ఇథిలీనే అని తేల్చిండు. వాళ్లకు నష్టం చేసిన అదే గుణాన్ని మనం లెక్క ప్రకారం పనికి పెట్టుకుంటున్నం, ఇది నాకు ఎప్పుడు తలుచుకున్నా అబ్బురమే.

ఇప్పుడు అసలు పని ఎట్ల జరుగుతదో చెప్త, ఎందుకంటే ఇది తెలవకనే ఈ మందుకు చెడ్డ పేరు వస్తున్నది. ఆకు కాడ పుల్లకు అతుక్కునే జాగల ఒక సన్నటి పొర ఉంటది. ఆకు పడుచుగ ఉన్నన్ని రోజులు ఆక్సిన్ అనే ఇంకో హార్మోన్‌ని తయారు చేసి కాడ గుండా కిందికి పంపుతనే ఉంటది, అది వస్తున్నంత కాలం ఆ పొర గట్టిగ పట్టుకొని ఉంటది. వయసు మీద పడ్డంక ఆక్సిన్ తగ్గుతది, అప్పుడు ఇథిలీన్ తగిలితే ఆ పొరల సెల్యులేజ్, పాలీగాలాక్టురోనేజ్ అనే ఎంజైములు పుట్టి కణాల గోడల్ని, మధ్యల ఉన్న జిగురుని కరిగిస్తయి, ఇగ చిన్న గాలి వచ్చినా ఆకు జారిపోతది. ఇదంతా కాడ దగ్గర నడుస్తుంటే పైన ఆకుల పచ్చదనం విరిగి పసుపు తేలుతది, ఆకుల ఉన్న ప్రోటీన్లు కరిగి వాటిల నత్రజని వెనక్కి పుల్లలకు పోతది.

ఆ చివరి మాట దగ్గర కొంచెం ఆగండి. నా దృష్టిల ఈ మందుకు పెట్టే పైసలు దానికోసమే. కూలీలతోటి పచ్చి ఆకు తెంపిస్తే ఆ నత్రజని మొత్తం ఆకుతోటే కింద పడుతది, పుల్లకు ఒక్క చుక్క రాదు. పైగా గుంజినప్పుడు కాడ సందుల ఉన్న కన్ను దెబ్బ తింటది, వచ్చే పంట అంతా ఆ కన్నులనే ఉన్నది కదా, ఏప్రిల్ కటింగ్ తర్వాత ఎండకాలంలనే గెలలు ఆ కన్నుల లోపట తయారై కూసుంటయి, అక్టోబర్‌ల మనం కొత్తగ పుట్టించేది ఏం ఉండదు, ఉన్నదాన్ని బయటికి తీసుడే. ఇథరెల్ కొడితే ఆకు పసుపు తిరిగి, ముసలిదై, పుల్లకు ఇచ్చేది ఇచ్చి రాలుతది. కూలీల ఖర్చు తగ్గుడు దీనికి అదనం.

కానీ డోసు పెంచితే ఈ లాభం పోతది. ఎక్కువ పెడితే ఆకు పసుపు కాకముందే పచ్చగనే జారిపోతది, చేతితోటి తెంపినదానికీ దీనికీ అప్పుడు తేడా ఏముంది చెప్పండి. డోసు గురించి గ్రూపులల్ల మస్తు గందరగోళం ఉన్నది, ఒకరు పీపీఎంల (పది లక్షల భాగాలల్ల ఎన్ని భాగాలు మందు అనే లెక్క) చెప్తరు, ఇంకొకరు మిల్లీలీటర్లల్ల చెప్తరు, రెండు కలిపి చదివినోడు ఆగమైతడు. లెక్క సులువే, 39 శాతం మందు కాబట్టి లీటరు నీళ్లకు ఒక మి.లీ. అంటే 390 పీపీఎం, 5 మి.లీ. అంటే 1950 పీపీఎం. ఎవరన్నా 2000 పీపీఎం అన్నరంటే లీటరుకు 5 మి.లీ. కన్నా కొంచెం పైన అన్నట్టు. మీ రకానికి, మీ తోట బలానికి ఎంత కొట్టాలె అన్నది లేబుల్ చూసి, రాజేంద్రనగర్ గ్రేప్ రీసెర్చ్ స్టేషన్ వాళ్లనో మీ హార్టికల్చర్ ఆఫీసర్‌నో అడిగి పెట్టుకోండి, ముందు రెండు మూడు లైన్ల మీద కొట్టి చూసి తర్వాత తోట మొత్తం కొట్టండి, వేరేటోళ్ల డోసు చూసి మీరు కొట్టకండి.

నీళ్లు. ఈ మందు మీద వచ్చే కంప్లైంట్లల్ల చాలా మటుకు నీళ్ల కంప్లైంట్లే అని నేను గట్టిగ నమ్ముత. పైన చెప్పిన కదా, యాసిడ్‌ల ఉన్నన్ని రోజులే ఇది నిలుస్తదని. మన బోరు నీళ్లు చాలా కాడ ఉప్పు తేలిన నీళ్లు, పీహెచ్ ఎనిమిది దాకా ఉంటది, అట్లాంటి నీళ్లతోటి డ్రమ్ముల కలిపి పొద్దున్నించి పెట్టుకొని మధ్యాహ్నం దాకా కొడితే ఇథిలీన్ ఆకుల పుట్టాల్సింది డ్రమ్ములనే పుట్టి గాలిల కలిసిపోతది. తర్వాత మందు పని చేయలే, డూప్లికేట్ ఇచ్చిండు అని దుకాణపాయన మీద పడుతరు. నేనైతే మందు కలిపినంక పీహెచ్ పేపర్ ముంచి చూస్త, నాలుగు దాటితే సిట్రిక్ యాసిడ్ వేసి దించుకుంట, ఒక ట్యాంకుకు సరిపడా మాత్రమే కలిపి అప్పటికప్పుడు కొట్టేస్త. బూజు తెగులుకు కొట్టే బోర్డో మిశ్రమంతోటి కలిపి కొడుతున్నమని ఎవరో రాసిండ్రు, దయచేసి అట్ల చేయకండి, బోర్డోల సున్నం ఉంటది, సున్నం తగిలినంక ఇథెఫాన్ మిగలదు. దానికి ఒక రోజు, దీనికి ఒక రోజు.

కొట్టే ముందు తోటకు నీళ్లు ఆపుత, తీగ కొంచెం బిగుసుకోవాలె, బాగా నీళ్లు తాగి కొత్త ఇగుర్లు పెడుతున్న తోట మీద ఇది సరిగ్గ పట్టదు. కటింగ్‌కు సుమారు రెండు వారాల ముందు కొడుత. వారం తిరిగేసరికి కింది ఆకులు పసుపు తిరుగుతయి, ఆ తర్వాత రోజూ పొద్దున పందిరి కింద ఆకు పరుచుకొని ఉంటది. సెప్టెంబర్ ఆఖర్ల మన దిక్కు వానలు ఇంకా ఉంటయి కాబట్టి ఆకాశం చూసి కొట్టాలె, కొట్టినంక వెంటనే వాన వస్తే కడుక్కపోతది. చల్లగ ఉన్న రోజులల్ల మందు విరుగుడు నిదానమైతది, ఎండ ఎక్కువుంటే తొందరగ విరుగుతది, అంటే ఒకటే డోసు రెండు సీజన్లల్ల రెండు తీర్ల పని చేస్తది, ఇది మాత్రం ఈ మందుకు నిజంగ ఉన్న లోపమే. రాలిన ఆకును పోగు చేసి తోట బయటకు తీయండి, డౌనీ బూజు ఆ పాత ఆకులనే కూసుంటది, దాన్ని అక్కడనే ఉంచితే కొత్త చిగురుకు అంటిచ్చినట్టే.

ఇంకో కంప్లైంట్ చాలా చూసిన, కొస ఆకులు రాలుతలేవు, మందు సగమే పని చేసింది అని. అది మందు తప్పు కాదు. కొస ఆకులు పడుచు ఆకులు, వాటి నిండా ఆక్సిన్ ఉంటది, ఇథిలీన్ వచ్చినా ఆ పొర వదలదు. వాటిని కూడా రాల్చాల్నని డోసు పెంచితే పుల్లకు దెబ్బ. అయినా ఆ కొస ఎట్లాగూ కటింగ్‌ల కత్తెరకు పోయేదే కదన్నా, దానికోసం ఇంకో స్ప్రే ఎందుకు. మనకు కింద ఉంచుకునే కన్నుల కాడి ఆకు రాలితే చాలు.

ఇగ కన్ను సంగతికి వస్త, ఇక్కడనే నాకు మిగతా రివ్యూలతోటి పంచాయితీ. కన్ను పగలకుండ ఆపేటివి మూడు రకాలు. ఒకటి బయటి అడ్డం, అంటే పక్కనున్న ఆకు, పైనున్న కొస దాన్ని అణిచిపెడుతయి. రెండోది కన్ను లోపటి నిద్ర, అడ్డాలన్నీ తీసేసినా అది లేవదు. మూడోది వాతావరణం, కన్ను తయారుగనే ఉంటది గానీ చలికో, నీళ్లు లేకనో ఆగుతది. ఇథరెల్ ఆకును దింపి ఆ మొదటి అడ్డం తీస్తది. అంతవరకే దీని బాధ్యత. రెండోదాన్ని తీయలేదు. అందుకే ఇథరెల్ ఒక్కటే కొట్టి కటింగ్ చేసిన పుల్లలల్ల చూడండి, కత్తెర పడ్డ కాడి పై కన్ను ఒకటో రెండో బుస్సున లేస్తయి, కిందివి అట్లనే పండుకొని ఉంటయి, కొన్ని నెల తర్వాత ఒక్కొక్కటే లేస్తయి, గెలలు ఒక్కొక్కటి ఒక్కో వయసుల ఉంటే మందులు ఎప్పుడు కొట్టాలె, కాయ సైజు పెంచే జీఏ (జిబ్బరెల్లిక్ యాసిడ్) మందుల ఎప్పుడు ముంచాలె, కోత ఎప్పుడు పెట్టాలె, అంతా ఆగమే.

ఆ లోపటి నిద్రకు అసలు కాపలాదారు అబ్సిసిక్ యాసిడ్, ఏబీఏ అంటరు. 1960లల్ల అమెరికాల పత్తి కాయలు రాలుడు మీద ఒకరు, ఇంగ్లండ్‌ల చెట్ల మొగ్గల నిద్ర మీద ఇంకొకరు వేరు వేరుగ వెతుకుతుంటే ఇద్దరికీ దొరికింది ఒకటే పదార్థం, 1967ల దానికి ఈ పేరు ఖాయం చేసిండ్రు. కన్నుల ఇది ఎక్కువున్నన్ని రోజులు నిద్ర గట్టిగ ఉంటది. ఇజ్రాయెల్‌ల ఉన్న వోల్కానీ సెంటర్ అనే వ్యవసాయ పరిశోధన కేంద్రం పరిశోధకులు 2015ల ద్రాక్ష కన్నుల మీద చేసిన పని ప్రచురించిండ్రు, బయటి నుంచి ఏబీఏ ఇస్తే కన్ను పగులుడు వెనక పడుతది, హైడ్రోజన్ సయనమైడ్ ఇస్తే కన్నుల ఏబీఏని విరగ్గొట్టే ఎంజైము పెరిగి నిద్ర తేలిపోతది అని. మనం డార్మెక్స్ అని తెచ్చుకునేది ఆ హైడ్రోజన్ సయనమైడే. కన్ను మేల్కొనుడుల ఇథిలీన్‌కు కూడా కొంత పాత్ర ఉందని తర్వాత పరిశోధనలు వచ్చినయి, అది నిజమే, కానీ ఆ ఇథిలీన్ కన్ను లోపట సరిగ్గ ఆ ఘడియల పుట్టాలె, రెండు వారాల ముందు ఆకు మీద కొట్టిన మందు ఆ పని చేస్తదనుకునుడు ఆశ మాత్రమే. మా తోటల సయనమైడ్ పెట్టిన లైన్లు, పెట్టని లైన్లు పక్కపక్కనే చూసినంక నాకైతే అనుమానం మిగలలే.

కాబట్టి నా పద్ధతి ఇది, ముందు ఇథరెల్‌తోటి ఆకు, తర్వాత కటింగ్, కటింగ్ అయిన ఒకటి రెండు రోజులల్ల కన్నులకు సయనమైడ్ పూత. పై కన్ను వదిలేసి కిందివాటికి పూస్తే అన్నీ కలిసి లేస్తయి. మన దగ్గర లీటరుకు 30 నుంచి 40 మి.లీ. దాకా వాడుకలో ఉన్నది, చలి ముదిరిన కొద్దీ ఎక్కువ దిక్కు పోతరు. అది పూసేటోళ్లు గ్లోవ్స్, కళ్లద్దాలు, నిండు చేతుల అంగీ లేకుండ తోటలకు రావద్దు, ఇంకో మాట చాలా గట్టిగ చెప్తున్న, పూసే రోజు, దానికి ముందు, ఆ తర్వాత కొన్ని రోజులు కల్లు, సారా, బీరు ఏదీ ముట్టొద్దు. ఒంట్లకు పోయిన ఆల్కహాల్‌ని విరగ్గొట్టే ఎంజైముని సయనమైడ్ ఆపేస్తది, మొఖం ఎర్రగై, వాంతులై, బీపీ పడిపోయి ఆస్పత్రి పాలైతరు. యూరోపియన్ యూనియన్ 2008లనే దీనికి అనుమతి తీసేసింది మనుషుల ఆరోగ్యం చూసే. పని అయినంక కూలీలకు సాయంత్రం కల్లు పోయించే అలవాటు మన ఊర్లల్ల ఉన్నది, మేస్త్రీకి ముందే చెప్పి ఆ రోజులల్ల పక్కా బంద్ చేయించండి, బదులుగ కూలి ఇంకో వంద ఎక్కువ ఇయ్యండి.

ఆకు దింపి కటింగ్ ఆలస్యం చేసేటోళ్లు కూడా ఉన్నరు, కూలీలు దొరకలే అనో, రేటు చూసి చేద్దామనో. అది చాలా నష్టం. ఆకు అడ్డం పోయింది కాబట్టి కొస కన్నులు ఉబ్బుడు మొదలు పెడుతయి, పుల్లల దాచుకున్న బలం వాటికి పోతది, ఆ కన్నుల్ని మీరు తర్వాత కత్తిరించి పారేస్తరు. కటింగ్ మనుషుల్ని మాట్లాడుకున్నంకనే సీసా మూత తీయండి.

రేటింగ్ ఇయ్యాలంటే ఆకు దింపుడుకు 5కు 4 ఇస్త. ఒకటి తగ్గించింది వాతావరణంతోటి ఇది తీరు మార్చుకునేదానికి, ఇంకా గాలికి పక్క చేన్లకు పోయేదానికి. ఈ రెండోది తక్కువ చేసి చూడకండి, పక్కన టమాట ఉంటే ఇథిలీన్ తగిలి ఆకు కాడలు కిందికి వాలిపోతయి, పూత రాలుతది, పక్కాయనతోటి ఏండ్ల సంబంధం ఒక్క రోజుల చెడుతది. గాలి లేని పొద్దటి పూట కొట్టండి, ముందు రోజు పక్క చేను అన్నకు చెప్పి కొట్టండి. స్ప్రేయర్‌ని వెంటనే కడగాలె, యాసిడ్ కాబట్టి ఇనుప సామాను తింటది, కళ్లల్ల పడితే చాలా ప్రమాదం. కొనేటప్పుడు సీలు, బ్యాచ్ నంబరు, తేదీ చూసి బిల్లు తీసుకోండి, ఇథరెల్ లాంటిదే బయో టానిక్ అని లోపల ఏముందో రాయని సీసాలు కొన్ని దుకాణాలల్ల అంటగడుతున్నరు, వాటిని ముట్టకండి.

నల్ల ద్రాక్షకు రంగు రావాలె అని గెలల మీద ఇదే మందు కొట్టేటోళ్లకు మాత్రం నేను ఈ రివ్యూల ఓటు వేయను. రంగు వస్తది, నిజమే, కానీ కాయ మెత్తబడుతది, గెల నుంచి రాలుతది, తినే కాయ మీద మందు నిలుస్తది. ఆకు దింపేటప్పుడు పందిరి మీద గెల ఉండదు, నాకు ఈ మందు నచ్చేది అందుకు కూడా.

బలం తక్కువున్న తోట, పుల్ల ఇంకా గోధుమ రంగు తిరగని తోట, మొన్ననే నాటి రెండో ఏడు నడుస్తున్న తోట, వీటికి వద్దు. ఆ ఆకు ఇంకా పుల్లలకు, వేర్లకు తిండి దాచే పనిల ఉన్నది, దాన్ని తొందరపెట్టి ముసలిది చేస్తే వచ్చే ఏడు దాకా తేరుకోదు. మేడ మీద, ఇంటి ముందర ఒకటి రెండు తీగలు పెంచుకునే అక్కలు కూడా అడుగుతున్నరు, మీకు సీసా అవసరమే లేదు, ముదురు ఆకులు కత్తెరతోటి కాడ కొంచెం ఉంచి కోసుకుంటే సరిపోతది, ఆ మిగిలిన కాడ దానంతట అదే ఎండి రాలుతది, కన్నుకు దెబ్బ ఉండదు.

అమెరికాల ఉన్న మన తెలుగోళ్లు, ఒహాయో లాంటి చలి రాష్ట్రాలల్ల ఇంటి వెనక ద్రాక్ష పెట్టుకున్నోళ్లు ఇథరెల్ ఆర్డర్ పెట్టాల్నా అని అడుగుతున్నరు. అస్సలు వద్దు. మీ కష్టం మాకు పూర్తిగ ఉల్టా. మాకు కన్ను లేవక తిప్పలు, మీకు కన్ను సరిగ్గ పండుకోక తిప్పలు, చలి దెబ్బకు కన్నే చచ్చిపోతది. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు కాబెర్నే ఫ్రాంక్ అనే వైన్ ద్రాక్ష తీగల మీద ఏబీఏ కొట్టి చూసి 2012ల ప్రచురించిండ్రు, ఆకు ముందే ముసలిదైంది, కన్ను నిద్ర లోతైంది, చలికి తట్టుకునే శక్తి పెరిగింది అని. అంటే మేం వదిలించుకోవాలనుకునే నిద్రే మీకు కాపాడే దుప్పటి. మీరు చేయాల్సిందల్లా ఆగస్టు తర్వాత నత్రజని ఎరువు ఆపుడు, నీళ్లు తగ్గించుడు, పుల్ల గోధుమ రంగు తిరగనిచ్చుడు, మంచు పడి ఆకు దానంతట అది రాలే దాకా చేయి పెట్టకుండ ఉండుడు. కత్తెర కూడా చలి పూర్తిగ తగ్గే ముందు, ఫిబ్రవరి ఆఖరు మార్చి ప్రాంతంల పట్టుకోండి, ఏ కన్నులు చచ్చినయో ఏవి బతికినయో అప్పుడు కోసి చూస్తే తెలుస్తది, బతికినవి లోపట పచ్చగ కనబడుతయి, దాన్ని బట్టి ఎన్ని ఉంచుకోవాల్నో లెక్క పెట్టుకోవచ్చు.